అంబాసిడర్ లీటరుకు ఎంతిస్తది? ఆర్మూర్ నుంచి హైదరాబాద్ దాకా ఒక లెక్క

పెర్కిట్ చౌరస్తా దగ్గరి పెట్రోలు బంకులో పాత అంబాసిడర్ ఆగిందంటే చాలు, నలుగురు చుట్టూ చేరతారు. బానెట్ మీద చెయ్యి వేసి నిమురుతారు. ఆ తర్వాత ఒకటే ప్రశ్న.

"అన్నా, లీటరుకు ఎంతిస్తది?"

"రోడ్డు మీద పదమూడిస్తది తమ్మీ" అంటాడు బండాయన. పక్కనే ఉన్న పెద్దమనిషి తల అడ్డంగా ఊపుతాడు. "యాడిది? మా బావకుండె గదా, ఎనిమిది దాటలే."

ఇద్దరి మాటా నిజమే. అదే బండి, అదే ఇంజిన్, అదే రోడ్డు మీద ఎనిమిదిన్నరా ఇస్తుంది, పదమూడూ ఇస్తుంది. ఆ తేడా బండిలో కంటే నడిపేవాడి కుడికాలులోనే ఎక్కువ ఉంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు, కాగితం మీద లెక్క వేసి చూపించవచ్చు.

ముందు రోడ్డు సంగతి. ఆర్మూర్ రెండు జాతీయ రహదారులు కలిసే ఊరు. నిజామాబాద్ నుంచి జగిత్యాల వైపు పోయే 63వ నంబరు ఒకటి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు రెండోది. ఈ రెండోదాన్ని ఈ ప్రాంతంలో చాలామంది ఇప్పటికీ "ఏడో నంబరు రోడ్డు" అనే అంటారు. 2010లో నంబర్లు మార్చేదాకా అది ఎన్‌హెచ్ 7. ఇందల్వాయి, కామారెడ్డి, భిక్కనూరు, రామాయంపేట, తూప్రాన్, మేడ్చల్ మీదుగా హైదరాబాద్‌కు సుమారు 180 కిలోమీటర్లు. రెండు వరుసల రోడ్డుగా ఉన్న రోజుల్లో లారీల వెనక, ఎడ్లబండ్ల వెనక 50, 60 స్పీడు దాటి పోవడమే కష్టం. ఇప్పుడది నాలుగు వరుసలు. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ఇలాంటి రోడ్ల మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్ల దాకా అనుమతించింది. రోడ్డు మారింది, బండి మారలేదు. "మా నాయిన కాలంలో పన్నెండు, పదమూడు ఇచ్చేది, ఇప్పుడు ఇస్తలేదు" అనేవాళ్లు ఇంజిన్‌ను అనుమానించే ముందు ఈ సంగతి గుర్తుచేసుకోవాలి.

ఇక బండి. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనా ఆధారంగా హిందూస్థాన్ మోటార్స్ తన ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 1950ల చివర అంబాసిడర్ తయారీ మొదలుపెట్టింది. 2014 మే నెలలో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయింది. మధ్యలో మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అని పేర్లు మారినా, దశాబ్దాల పాటు లోపల ఉన్నది 1489 సీసీ బీఎంసీ పెట్రోలు ఇంజినే. శక్తి 50 హార్స్‌పవర్ చుట్టుపక్కల. నాలుగు గేర్లు. వెడల్పు 1.66 మీటర్లు, ఎత్తు 1.59 మీటర్లు. ఖాళీ బండి బరువు 1,100 కిలోలు దాటుతుంది. నలుగురు ఎక్కి కూర్చుంటే 1,400 కిలోలు అనుకోవచ్చు. మన లెక్కకు ఈ అంకెలు చాలు.

బండిని వెనక్కి లాగేవి రెండు. ఒకటి టైర్లు. రోడ్డు మీద దొర్లుతూ అణిగి లేచే రబ్బరు కొంత శక్తిని వేడి రూపంలో పోగొడుతుంది. పాతరకం నైలాన్ టైర్లకు టన్నుకు 15 కిలోల చొప్పున లాగుడు ఉంటుందనుకుంటే, 1.4 టన్నుల బండికి 21 కిలోలు. అంటే 21 కిలోల బస్తాను పైకెత్తి పట్టుకోవడానికి ఎంత బలం కావాలో, బండిని దొర్లించడానికి అంత బలం ఎప్పుడూ కావాలి. స్పీడు పెరిగినా ఇది పెద్దగా మారదు.

రెండోది గాలి. అసలు కథంతా దీనిదే. స్పీడు రెట్టింపైతే గాలి లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. నిటారు అద్దం, బయటికి పొడుచుకొచ్చిన దీపాలు, గుండ్రటి భుజాల అంబాసిడర్‌కు గాలిని చీల్చే గుణకం 0.5 అని లెక్క కోసం పెట్టుకుందాం. ఇప్పటి సెడాన్లకు ఇది 0.3 దగ్గర ఉంటుంది. మన దగ్గరి వేడికి, ఎత్తుకు తగ్గట్టు గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.1 కిలోలు. ఈ లెక్కన 60 స్పీడులో గాలి లాగుడు 17 కిలోలు. 80లో 30 కిలోలు. 100లో 47 కిలోలు.

టైర్ల 21 కిలోలు కలిపితే 60 స్పీడులో మొత్తం 38 కిలోలు, 80లో 51, 100లో 68. ఇంకోలా చెప్పాలంటే 60లో పోవడానికి చక్రాల దగ్గర 8 హార్స్‌పవర్ సరిపోతే, 80కి 15, 100కి 25 కావాలి. స్పీడు ఒకటిన్నర రెట్లు దాటగానే శక్తి మూడింతలైంది.

ఇప్పుడు పెట్రోలు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. అదంతా చక్రాలకు చేరదు. ఎంత చేరుతుందో ఆర్మూర్, బాల్కొండ రైతులకు చెప్పడం సులువు. క్వింటాలు పచ్చి పసుపు తవ్వితే ఉడకబెట్టి, కళ్లంలో ఎండబెట్టి, డ్రమ్ములో పాలిష్ పట్టేసరికి చేతికి 20 కిలోల చుట్టుపక్కల ఎండు పసుపు వస్తుంది. మిగతా 80 నీరూ మట్టీ పొట్టూ. పాత ఇంజిన్‌లో పెట్రోలుదీ దాదాపు అదే లెక్క. వంద రూపాయల పెట్రోలు పోస్తే మూడో వంతు సైలెన్సర్ గుండా వేడిగా పోతుంది. ఇంచుమించు అంతే రేడియేటర్‌లో పోతుంది. ఇంజిన్ లోపలి రాపిడి, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, డైనమో తమ వాటా తీసుకుంటాయి. చక్రాల దాకా చేరేది 18 రూపాయలు అనుకోండి. అంటే లీటరుకు 5.8 మెగాజౌళ్లకు కాస్త తక్కువ. కొత్త ఇంజిన్లు ఇంతకంటే మెరుగ్గా చేస్తాయి. వాటి కంప్రెషన్ నిష్పత్తి 10 దాటింది, దీనిది 8 దగ్గరే ఆగింది. దీన్ని గీసిన రోజుల్లో దొరికిన పెట్రోలు అంతకంటే ఎక్కువ ఒత్తిడిని తట్టుకునేది కాదు మరి.

51 కిలోల లాగుడును ఒక కిలోమీటరు దాటించడానికి అర మెగాజౌలు కావాలి. దీంతో 5.76ను భాగిస్తే 11.5. అదే 80 స్పీడులో అంబాసిడర్ మైలేజీ. ఇలాగే 60లో 15.5, 70లో 13.4, 100లో 8.7 వస్తాయి. 60 దగ్గర చేతికొచ్చేది 15.5 కంటే కొంత తక్కువే ఉంటుంది. యాక్సిలరేటర్ సగం కూడా తొక్కనప్పుడు ఇంజిన్ తన వంతు పని ఇంకా నాసిగా చేస్తుంది. ఆ సవరణ పక్కన పెట్టి చూస్తే, బంకులో బండాయన చెప్పిన పదమూడు 70 స్పీడు నాటిది, పెద్దమనిషి చెప్పిన ఎనిమిది వంద స్పీడు నాటిది.

పెట్రోలు లీటరు 107 రూపాయలు వేసుకుని ఇదంతా 180 కిలోమీటర్ల ప్రయాణానికి పెడదాం. 60 స్పీడులో మూడు గంటలు, 11.6 లీటర్లు. 80లో రెండుంబావు గంటలు, 15.6 లీటర్లు. 100లో గంటా 48 నిమిషాలు, 20.8 లీటర్లు. నన్ను కూర్చోబెట్టి ఆలోచింపజేసిన అంకెలు ఈ మూడింటి మధ్య తేడాలే. 60 నుంచి 80కి పెంచితే 45 నిమిషాలు కలిసొస్తాయి, నాలుగు లీటర్లు ఎక్కువ ఖర్చవుతుంది. కలిసొచ్చిన ఒక్కో నిమిషానికి తొమ్మిదిన్నర రూపాయలు కట్టినట్టు. 80 నుంచి 100కి పెంచితే కలిసొచ్చేది 27 నిమిషాలే, ఖర్చు 550 రూపాయలు. నిమిషానికి 20 రూపాయల పైమాట. మొదటి 45 నిమిషాలకు ఒక ధర, తర్వాతి 27 నిమిషాలకు దానికి రెండింతల ధర. ఇందల్వాయి, భిక్కనూరు, మనోహరాబాద్ టోల్ గేట్ల దగ్గర ఆగి కదలడంలో ఆ 27 నిమిషాల్లో కొంత ఎలాగూ కరిగిపోతుంది.

పెట్రోలు ఒక్కటే అయితే స్థోమత ఉన్నవాళ్లు పోనిద్దాం అనుకోవచ్చు. బండి ఆయుష్షు కూడా ఇందులోనే ఉంది. నాలుగో గేరులో ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగితే గేర్‌బాక్సు నుంచి అన్నే చుట్లు బయటికొస్తాయి, పైన ఐదో గేరు లేదు. డిఫరెన్షియల్ నిష్పత్తి నాలుగున్నర అనుకుంటే 80 స్పీడులో ఇంజిన్ నిమిషానికి 2,900 చుట్లు తిరుగుతుంది, 100లో 3,700. ఈ ఇంజిన్ తన పూర్తి శక్తి ఇచ్చేది 4,000 దాటాక కొద్ది దూరంలోనే. గంటన్నర సేపు ఆ అంచున పరుగెత్తించడానికి దీన్ని తయారుచేయలేదు. 1990ల మొదట్లో వచ్చిన 1800 ఐఎస్‌జడ్ మోడల్ వేరు. దానికి 1817 సీసీ ఇసుజు ఇంజిన్, ఐదో గేరు ఉన్నాయి. హైవే మీద అది నిమ్మళంగా నడుస్తుంది. ఇక్కడి లెక్క పాత 1489 సీసీ బండిది.

ఇంకొకటి. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఊపిరికి అది ఎంతో మేలు చేసిన నిర్ణయం. అయితే పాత పోత ఇనుప హెడ్‌లోని ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లకు సీసం ఒక మెత్తటి పూతలా పనిచేసేది. అది పోయాక ఎక్కువ స్పీడులో ఎక్కువసేపు నడిస్తే సీటు అరిగి వాల్వ్ లోపలికి దిగుతుంది, టాపెట్ సందు మూసుకుపోతుంది, కంప్రెషన్ పడిపోతుంది. తర్వాత ఎంత నెమ్మదిగా నడిపినా మైలేజీ తిరిగి రాదు. హెడ్‌కు గట్టి ఉక్కు సీట్లు వేయించుకున్నవాళ్లకు ఈ భయం లేదు. బ్రేకుల సంగతీ చూడాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. 80లో ఉన్న బండితో పోలిస్తే 100లో ఉన్న బండిని ఆపడానికి ఆ డ్రమ్ములు ఒకటిన్నర రెట్లకు పైగా వేడిని మింగాలి.

ఇంతసేపూ గాలి కదలకుండా ఉందనుకున్నాం. ఎదురుగాలి గంటకు 15 కిలోమీటర్లు వీస్తే 80లో పోతున్న బండికి 95లో పోతున్నంత గాలి తగులుతుంది. లాగుడు 12 కిలోలు పెరుగుతుంది, మైలేజీ 11.5 నుంచి 9.3కి పడిపోతుంది. అదే గాలి వెనక నుంచి వీస్తే 14 దాటుతుంది. ఒక్క ప్రయాణం చూసి "కార్బురేటర్ చేయించినంక మస్తు పెరిగింది" అనుకోవడం తొందరపాటు. ఆ రోజు గాలి ఎటు వీచిందో ఎవరు చూశారు?

ఎత్తు కూడా ఉంది. నిజామాబాద్ సముద్ర మట్టానికి 400 మీటర్ల లోపు, హైదరాబాద్ 540 మీటర్ల పైన. ఆర్మూర్ నుంచి పోయేటప్పుడు మొత్తమ్మీద 150 మీటర్లు ఎక్కుతాం. 1,400 కిలోలను అంత ఎత్తుకు ఎత్తడానికి పట్టేది లీటరులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. అందుకే పోయేటప్పుడు 11.3, వచ్చేటప్పుడు 11.8. ఒక్క వైపు లెక్క చూసి మోసపోవద్దు, పోయి వచ్చిన మొత్తం చూడాలి.

బరువు గురించి మనకున్న భయం అవసరమైనంత కంటే ఎక్కువ. ఈ 180 కిలోమీటర్లలో కిలో లాగుడు పెరిగితే 0.3 లీటరు, అంటే 33 రూపాయలు. డిక్కీలో క్వింటాలు పసుపు పెడితే పెరిగేది కిలోన్నర లాగుడే, యాభై రూపాయల లోపు. కానీ నెత్తిన బిగించిన ఇనుప కారియర్ గాలి లాగుడును 15 శాతం పెంచిందనుకుంటే అది నాలుగున్నర కిలోలు. ఖాళీ కారియర్ మోయడం మూడు క్వింటాళ్లను డిక్కీలో మోసినంత ఖర్చు. కారియర్ అవసరం లేనినాడు విప్పేయండి. పాత నైలాన్ టైర్ల చోట సరైన కొలత రేడియల్ టైర్లు వేస్తే లాగుడు టన్నుకు 15 నుంచి 12 కిలోలకు దిగుతుంది. నాలుగు కిలోలు తగ్గి, లీటరుంబావు మిగులుతుంది. ఇంత తేలిగ్గా దొరికే లాభం ఇంకొకటి లేదు. టైర్లలో గాలి తక్కువుంటే ఆ లాభమంతా అక్కడే పోతుంది.

ఇప్పుడు ఎక్కువమంది అడుగుతున్నది ఇథనాల్ గురించి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, అంటే ఈ20, 2023 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు బంకుల్లో సాధారణంగా దొరికేది అదే. లీటరు ఇథనాల్‌లో శక్తి 21 మెగాజౌళ్ల చుట్టూ ఉంటుంది, పెట్రోలులో మూడింట రెండు వంతులు. 80 పాళ్లు ఇదీ, 20 పాళ్లు అదీ కలిపితే లీటరుకు 29.8. అంటే దాదాపు 7 శాతం తగ్గుదల. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదిక కూడా పాత పెట్రోలుకు తయారై, పది శాతం ఇథనాల్‌కు సరిచేసిన కార్లకు 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గుతుందనే చెప్పింది. మన 11.5 కాస్తా 10.7 అవుతుంది. ఆర్మూర్ నుంచి హైదరాబాద్‌కు 1.15 లీటర్లు, ఇంచుమించు 120 రూపాయలు అదనం.

అంతటితో పోదు. కొత్త కారులో కంప్యూటర్ పొగను పసిగట్టి ఇంధనం పాలు పెంచుతుంది. సోలెక్స్ కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. జెట్ రంధ్రం ఎంతుంటే అంతే పోస్తుంది. ఇథనాల్ మండటానికి తక్కువ గాలి చాలు కాబట్టి, అదే జెట్‌తో మిశ్రమం పలచబడుతుంది. బండి ఉదయం స్టార్టవడానికి మొరాయిస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గుతుంది, వేడెక్కుతుంది. జెట్ ఒక సైజు పెంచి, ప్లగ్గు రంగు చూసి సరిచేయగల మెకానిక్ దొరికితే ఆయన్ని వదులుకోవద్దు. పాత రబ్బరు పైపులు, డయాఫ్రమ్‌లు ఇథనాల్‌కు ఉబ్బి పగులుతాయి. ఇథనాల్‌కు ఆగే పైపులు మార్చడం మైలేజీ కోసం కాదు, వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారకుండా ఉండడం కోసం. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి షెడ్డులో నిలిపే బండి ట్యాంకులో పాత పెట్రోలు ఉంచవద్దు. ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోలు పోస్తే మైలేజీ పెరుగుతుందన్న నమ్మకం మాత్రం తప్పు. ఆక్టేన్ అంటే శక్తి కాదు, ఒత్తిడికి ముందుగా పేలకుండా ఆగే గుణం. 8 కంప్రెషన్ ఇంజిన్‌కు దాంతో పనిలేదు.

ఇక మీ బండి నిజంగా ఎంతిస్తుందో కొలిచే పద్ధతి. ముందు మీటరును నమ్మవద్దు. టైరు చుట్టుకొలత మూడు శాతం తగ్గితే మీటరు 180కి బదులు 185 చూపిస్తుంది, ఇవ్వని మైలేజీ ఇచ్చినట్టు కనబడుతుంది. దారిలో పసుపు తలకట్టుతో కనిపించేవి జాతీయ రహదారి కిలోమీటరు రాళ్లు. వరుసగా 20 రాళ్లు లెక్కపెట్టి మీటరుతో పోల్చండి, లేదా ఫోనులోని మ్యాపుతో సరిచూడండి. తర్వాత ట్యాంకు నింపండి. ఒకే బంకు, ఒకే పంపు, బండి ఒకే తీరున సమంగా నిలబడి ఉండాలి, పంపు తనంతట ఆగిన చోటే ఆపాలి. గొంతు దాకా కుక్కించవద్దు. పోయి వచ్చి మళ్లీ అలాగే నింపండి. ఎంత జాగ్రత్తపడ్డా అర లీటరు అటూ ఇటూ అవుతుంది. 16 లీటర్లు పట్టినప్పుడు అర లీటరంటే మూడు శాతం. ఒక్క ట్యాంకుతో తీర్పు చెప్పలేం, మూడు నింపుళ్ల సగటు కావాలి. పాత పుస్తకాల్లో మైళ్లు, గ్యాలన్లు కనబడితే బెదరక్కర్లేదు. ఇంగ్లండు గ్యాలన్ 4.546 లీటర్లు, మైలు 1.609 కిలోమీటర్లు. గ్యాలన్‌కు 30 మైళ్లంటే మన లెక్కలో లీటరుకు 10.6.

కొలిచాక 70, 75 స్పీడులో కూడా పది రాకపోతే అప్పుడు బండిని అనుమానించాలి. చోక్ పూర్తిగా వెనక్కి పోతోందా, పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉందా, టైమింగ్ వెనకబడిందా, టాపెట్లు సరిగా ఉన్నాయా చూడండి. ముందుగా చూడాల్సింది బ్రేకులు. జాకీ ఎత్తి ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పండి. పట్టేసిన డ్రమ్ము నాలుగైదు కిలోల లాగుడు పెంచినా, ఏ కార్బురేటర్ మరమ్మతూ దాన్ని పూడ్చలేదు.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. 2021 జులైలో వచ్చిన కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపు చెడకుండా ఉన్న వ్యక్తిగత బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ వస్తుంది. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు. ఆ నంబరు తీసుకున్న బండిని రోజువారీ తిరుగుళ్లకు, కిరాయికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తీసుకుపోవచ్చు. నెలకోసారి హైదరాబాద్‌కు చుట్టాలింటికి పోవాలనుకునేవాళ్లు దరఖాస్తు పెట్టేముందు ఈ షరతు చదువుకోవాలి.

నా మాట ఒక్కటే. ఆర్మూర్ నుంచి హైదరాబాద్‌కు మీ అంబాసిడర్‌ను ఎడమ వరుసలో 70 స్పీడు మీద నడపండి. రెండు గంటల 35 నిమిషాలు పడుతుంది, పదమూడున్నర లీటర్లు ఖర్చవుతుంది. వచ్చేసారి ట్యాంకు నింపినప్పుడు బిల్లు వెనక మీటరు రీడింగు రాసి గ్లవ్ బాక్సులో పెట్టండి. అలాంటి బిల్లులు మూడు పోగయ్యాక, బంకు దగ్గర ఎవరైనా "ఎంతిస్తది?" అని అడిగితే ఆ కాగితాలు తీసి చూపించండి.